మూడో పాటలో వయొలిన్ ఆగిన చోటు

మందాకినికి వచ్చిన చిక్కు నాలుగు సెకన్లది. ఆ నాలుగు సెకన్ల వల్ల వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

ఆమె విజయవాడలో ఉంటుంది. కచేరీలు చేస్తుంది. ముప్పై ఆరేళ్లు. వేటపాలెంలో మగ్గం నేసే ఇంట పుట్టి, పదేళ్ల వయసు నుంచి సంగీతం నేర్చుకుంది. ఆ వేసవిలో ఒక టీవీ చానల్ వాళ్లు తమ వార్షికోత్సవానికి ఆమె కచేరీ పెట్టించారు. రెండున్నర గంటలు, ప్రత్యక్ష ప్రసారం. హాలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. మర్నాడు పొద్దున్నే ఒక ఆడియో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. టీవీలో వచ్చిన కచేరీనే ఆల్బమ్‌గా తెస్తామన్నారు. ఇన్నేళ్లుగా పాడుతున్నా ఆమె పేరు మీద ఒక్క ఆల్బమ్ లేదు. ఇదే మొదటిది. ఫోన్ పెట్టేసి, వంటింట్లో గోడకు ఆనుకుని కాసేపు అలాగే నిలబడింది.

రెండు రోజుల తర్వాత రికార్డింగు పంపించారు. తలుపు వేసుకుని విన్నది. మొదటి పాట బాగుంది. రెండోదీ బాగుంది. మూడోది కల్యాణి రాగంలో కీర్తన. కచేరీలో ఆమె ఎక్కువ ఆశ పెట్టుకున్నది దాని మీదే. రాగం ఆలాపన గొంతు నిండా పలికింది. కీర్తన పాడి, స్వరకల్పనలోకి దిగింది. స్వరాలు అల్లి అల్లి, తాళం ఆఖరి చుట్టులో, ఆఖరి ఆవర్తంలో, మళ్లీ పల్లవి అందుకుంది.

అక్కడ వయొలిన్ ఆగిపోయింది.

నాలుగు సెకన్లు అసలు వినపడలేదు. తర్వాత గబుక్కున వచ్చి కలిసింది. కలిసేటప్పుడు కమాను తీగ మీద కొంచెం గీసుకుంది కూడా.

వయొలిన్ వాయించింది తెనాలి కామేశం గారు. డెబ్బై రెండేళ్లు. ఆమె మొదటి కచేరీ నుంచీ ఆమెకు ఆయనే పక్కవాద్యం. నెమ్మదైన మనిషి. వేదిక మీదికి వచ్చి కూర్చుంటారు, వాయిస్తారు, లేచి వెళ్లిపోతారు. కచేరీ ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, అమ్మాయి బాగా పాడిందని చెబుతారు.

చానల్ వాళ్లు కచేరీని ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. దాని కింద జనం రాసిన మాటల్లో ఒకటి ఆమె కంట పడింది. పెద్దాయనకు వయసైపోయింది, మధ్యలో ఆగిపోయాడు, పాపం ఆ అమ్మాయే నెట్టుకొచ్చింది అని ఎవరో రాశారు. దాన్ని ఆరువందల మంది మెచ్చుకున్నారు. చదివినప్పుడు ఆమెకు మనసు చివుక్కుమంది. పదిసార్లు చదివాక, నిజమే కదా అనిపించడం మొదలైంది.

కంపెనీ మేనేజరు ఉపాయం చెప్పాడు. ఈ రోజుల్లో ప్రతి వాద్యానికీ విడివిడిగా మైకులు పెడతారు, విడివిడిగానే రికార్డు అవుతుంది. ఆ పాటలో పాత వయొలిన్ తీసేసి, స్టూడియోలో ఒక కుర్ర విద్వాంసుడి చేత కొత్తగా వాయించి అతికించవచ్చు. ఎవరికీ తెలియదు. కాకపోతే ఆ పాటకు వయొలిన్ దగ్గర కామేశం గారి పేరు ఉండదు. ఆ సంగతి ఆయనకు ఆమే చెప్పాలి.

ఆమె సరేనని అనలేదు, వద్దనీ అనలేదు. మా గురువుగారిని ఒకసారి అడిగి చెబుతానంది. అడగడానికంటే, ఆయన చేత ఔననిపించుకోవడానికే బయల్దేరింది.

ఆ గురువు షేక్ మౌలాలి గారు. ఇంకొల్లులో ఉంటారు. నాదస్వర విద్వాంసులు. ఏడు తరాలుగా ఆ ఇంట నాదస్వరం మోగుతూనే ఉంది. ఒకప్పుడు ఆయన వాద్యం లేకుండా ఆ చుట్టుపక్కల ఏ దేవుడి కల్యాణమూ జరిగేది కాదు. అరవై దాటాక ముందు పళ్లు ఊడిపోయాయి. పళ్లు లేకపోతే నాదస్వరం పలకదు. వాద్యాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, అప్పటి నుంచి నోటితో పాడి పాఠం చెబుతున్నారు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. బొంగురు గొంతు. అయినా ఆయన ఒక గమకం పాడితే, నాదస్వరంలో అది ఎలా ఉండేదో వినేవాళ్లకు తెలిసిపోతుంది.

మందాకిని వెళ్లేసరికి ఆయన వసారాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి, చాప చివర కూర్చుని, తనూ నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఒలుస్తూనే అంతా చెప్పింది. మొదటి ఆల్బమ్ అనీ, పది కాలాల పాటు ఉండిపోయేదనీ, అందులో మచ్చ ఉంటే జీవితాంతం గుచ్చుకుంటుందనీ చెప్పింది. కామేశం గారంటే తనకు ఎంతో గౌరవమని కూడా చెప్పింది. గౌరవం మాట రెండుసార్లు చెప్పింది.

ఆయన వింటూ ఊఁ కొట్టారు. టీవీలో కచేరీ చూశారా అని ఆమె అడిగితే చూశానన్నారు. ఆ చోటు గమనించారా అంటే, ఒకసారి వినిపించమన్నారు. ఆమె ఫోన్‌లో పెట్టి వినిపించింది. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ పెట్టింది. ఆయన ఫోన్ చెవి దగ్గరికి తీసుకుని కళ్లు మూసుకున్నారు.

తర్వాత అడిగారు, విడివిడిగా రికార్డు అవుతుందన్నావు కదా, అది ఎక్కడ ఉంటుందని. విజయవాడలో స్టూడియోలో ఉందని ఆమె చెప్పింది.

"రేపు వస్తాను. నాకూ వినిపించు," అన్నారు ఆయన.

మందాకినికి ఎక్కడ లేని సంతోషం వేసింది. గురువుగారు ఇల్లు కదిలి రెండేళ్లయింది. తన ఆల్బమ్ కోసం వస్తున్నారు. ఆ కుర్ర విద్వాంసుడికి కూడా ఆయనే నాలుగు మాటలు చెబితే ఇక తిరుగు లేదనుకుంది.

మర్నాడు ఆయన చీరాలలో రైలెక్కి పదకొండు గంటలకు విజయవాడలో దిగారు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, భుజం మీద జరీ అంచు కండువా. కచేరీలకు వేసుకునే కండువా అది. ఆమె ఆటోలో స్టూడియోకు తీసుకెళ్లింది.

స్టూడియో చూసేది శివాజీ గారు. క్యాసెట్ల కాలం నుంచీ ఆ పనిలో ఉన్న మనిషి. మౌలాలి గారిని చూడగానే లేచి నిలబడి కుర్చీ చూపించారు. చిన్నప్పుడు తమ ఊరి రథోత్సవంలో ఆయన నాదస్వరం విన్నానని చెప్పారు. ఆయన నవ్వి, ఆ ఊరు పేరు అడిగి, అక్కడ పెట్టిన పులిహోర గుర్తు చేసుకున్నారు. ఆ తర్వాత తెర మీద కదులుతున్న రంగురంగుల గీతలను చూసి ఏది ఏమిటని అడిగారు. పైన ఉన్నది అమ్మాయి గొంతు, దాని కింద వయొలిన్, ఆ కింద మృదంగం, అట్టడుగున జనం చప్పట్లు అని శివాజీ గారు చూపించారు.

వయొలిన్ ఒక్కటీ తీసేసి వినిపిస్తే ఎలా ఉంటుందో గురువుగారు చూస్తారేమో అని మందాకిని శివాజీ గారితో అంది.

మౌలాలి గారు తల అడ్డంగా ఊపారు.

"అమ్మాయి గొంతు తీసెయ్యండి. తక్కినవి వినిపించండి."

మందాకిని ఆయన వైపు చూసింది. ఆయన తెర వైపే చూస్తున్నారు. శివాజీ గారు ఆమె గొంతు మూసేసి, మూడో పాట మొదటి నుంచి పెట్టారు.

మొదట ఆమెకు అదేమిటో అర్థం కాలేదు. తను పాడిన పాటలో తను లేదు. పూర్తిగా లేకపోనూ లేదు. వయొలిన్ కోసం పెట్టిన మైకులోకి కొంత వచ్చి పడిన ఆమె గొంతు, పక్కింట్లో ఎవరో పాడుతున్నంత దూరంగా వినపడుతోంది. దగ్గరగా వినపడుతున్నది వయొలిన్. ఆలాపనలో ఆమె ఒక సంగతి పాడి ఊపిరి తీసుకునే లోపల, ఆయన ఆ సంగతి చివరి స్వరాన్ని సన్నగా పట్టుకుని ఉంచుతున్నారు. ఆమె మళ్లీ అందుకోగానే వదిలేస్తున్నారు. ప్రతిసారీ అంతే. తన గొంతు ఎక్కడా తెగలేదని ఆమె సంబరపడిన ఆలాపన అది.

ఆమె పై షడ్జం మీద నిలిచిన చోట, కామేశం గారి గొంతు వినపడింది. చాలా మెల్లగా, తనలో తను అనుకున్నట్టు, "శభాష్ తల్లీ" అన్నారు. ఆ రోజు చప్పట్లలో అది ఆమెకు వినపడలేదు.

కీర్తన మొదలైంది. మౌలాలి గారు తొడ మీద తాళం వేయసాగారు. మందాకిని కూడా అలవాటు కొద్దీ వేసింది. ఆది తాళం, ఎనిమిది దెబ్బలు. మృదంగం వాయించింది గుంటూరు జోజిబాబు గారు. ఆయన దెబ్బకీ వీళ్లిద్దరి చేతులకీ వెంట్రుకవాసి తేడా లేదు. స్వరాలు వచ్చాయి. ఒక్కో ఆవర్తం గడుస్తోంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆఖరి ఆవర్తం వచ్చింది.

మందాకిని చెయ్యి ఏడో దెబ్బ మీద ఉంది. మృదంగం ఒకటో దెబ్బ వేసింది.

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. మళ్లీ పెట్టమని అడిగింది. మళ్లీ అక్కడే. ముందు జోజిబాబు గారిది తప్పనుకుంది. మూడోసారి పెట్టమన్నప్పుడు శివాజీ గారు అడగకుండానే వయొలిన్ మైకు పెంచారు.

వయొలిన్ వస్తూ వస్తూ ఆగింది. దూరంగా, పక్కింట్లోంచి వస్తున్నట్టు, ఆమె గొంతు పల్లవి అందుకుంది. రావలసిన చోటు కంటే రెండు దెబ్బలు ముందు. ఆ వెంటనే కామేశం గారి మాట, ఊపిరి కంటే కొంచెం గట్టిగా, ఎదురుగా ఉన్న మృదంగం వైపు.

"అమ్మాయి ముందుకెళ్లింది. మనమే వెళ్దాం."

మృదంగం ఒక చిన్న ముక్తాయింపు వేసి, రెండు దెబ్బలు మింగేసి, ఆమె ఉన్న చోటికి వచ్చేసింది. జోజిబాబు గారు అటు వెళ్లారని తేలాక కామేశం గారు కమాను ఎత్తారు. తొందరలో అది కొంచెం గీసుకుంది. మొత్తం నాలుగు సెకన్లు.

ఇక ఎవరూ పెట్టమనలేదు. పాట దానంతట అది పూర్తయింది. జనం చప్పట్లు వచ్చాయి. శివాజీ గారు ఆపేశారు.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. ఆ సమయంలో కెమెరా కింద కూర్చున్న మనిషి విరామానికి ఇంకా ఐదు నిమిషాలే ఉన్నాయని అట్ట మీద రాసి ఎత్తి చూపించాడు. ఆమె అటు చూసింది. మైకులో చప్పుడు వస్తోంది, తొడ మీద గట్టిగా తాళం వేయవద్దని చానల్ వాళ్లు ముందే చెప్పారు. వేలి చివరతో వేసుకుంటున్న తాళం ఆ చూపుతో తప్పిపోయింది. తప్పిన సంగతి తనకే తెలియలేదు. తెలియనివ్వలేదు, పక్కన వాయించిన వాళ్లిద్దరూ.

మందాకిని తల వంచుకుని కూర్చుంది. కళ్ల నీళ్లు చేతుల మీద పడుతున్నా తుడుచుకోలేదు. మౌలాలి గారు ఆమెను ఓదార్చలేదు, మందలించలేదు. శివాజీ గారి వైపు తిరిగి, ఇప్పుడు అమ్మాయి గొంతు కూడా కలిపి వెయ్యమన్నారు. కల్యాణి ఆలాపన మళ్లీ మొదలైంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కండువా ఒళ్లో పెట్టుకుని, చివరి దాకా విన్నారు. వయొలిన్ ఆగిన చోట ఆయన చెయ్యి మాత్రం ఒకసారి కొంచెం లేచింది.

"బాగా పాడావు," అన్నారు.

ఆమె అక్కడి నుంచే మేనేజరుకు ఫోన్ చేసింది. కొత్త వయొలిన్ వద్దని చెప్పింది. ఉన్నది ఉన్నట్టే ఉంచమంది. అంతటితో ఆపలేదు. ఆల్బమ్‌తో ఇచ్చే చిన్న పుస్తకంలో నాలుగు మాటలు వేయాలంది. మూడో పాటలో వయొలిన్ ఆగిన చోట తాళం తప్పింది నేను, నన్ను కలుసుకోవడానికి కామేశం గారు, జోజిబాబు గారు దారి మార్చుకుని వచ్చారు, ఆ చోటును తీసెయ్యకుండా ఉంచాం అని రాయించింది. మేనేజరు కంగారు పడ్డాడు. ఎవరూ కనిపెట్టని తప్పును సొంత ఆల్బమ్‌లో ఎవరైనా అచ్చు వేసుకుంటారా అన్నాడు. రేపు తాళం రాదని అంటారన్నాడు. అంటే అననివ్వండి, ఇన్నాళ్లూ నా తప్పుకు కామేశం గారిని అన్నారు కదా అంది. ఆ మాటలు తర్వాత ఆమె రాయించినట్టే అచ్చయ్యాయి. కొందరు అన్నారు కూడా.

మధ్యాహ్నం ఆమె గురువుగారిని రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్లింది. రైలు అరగంట ఆలస్యం. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఆమె అడగలేక అడగలేక అడిగింది, మీకు టీవీలో చూసినప్పుడే తెలిసిపోయిందా అని.

"నువ్వు తప్పావని తెలిసింది. వాళ్లు ఎలా వచ్చారో ఇవాళే విన్నాను."

అయితే నిన్న ఇంటి దగ్గరే చెప్పవచ్చు కదా అంది ఆమె.

"చెబితే నా మాట వినేదానివి. వాళ్లది వినేదానివి కాదు."

ఆయన పట్టాల వైపు చూస్తూ లింగయ్య గురించి చెప్పారు. చిన్నప్పుడు లింగయ్యను చూసిందే తప్ప, అతని గురించి గురువుగారు చెప్పగా మందాకిని ఎప్పుడూ వినలేదు. లింగయ్య మౌలాలి గారి పక్కన ముప్పై ఏళ్లు డోలు వాయించాడు. చివరి రోజుల్లో మౌలాలి గారికి దమ్ము చాలేది కాదు. సంగతి మధ్యలోనే ఊపిరి అయిపోయేది. అయినా ఊళ్లలో అందరూ ఏం దమ్మయ్యా సాహెబు గారిది అనేవాళ్లు. తనకూ అదే అనిపించేది. లింగయ్య పోయిన ఏడాదికి ఎవరో పాత క్యాసెట్ తెచ్చి ఇచ్చారు. పెట్టుకుని విన్నారు. తన ఊపిరి ఎక్కడ తెగుతోందో సరిగ్గా అక్కడ డోలు పెద్దదై, దాన్ని కప్పేసి, మళ్లీ తగ్గిపోతోంది. ఒక కచేరీలో పాతిక చోట్ల లెక్కపెట్టారు. పైగా, ఒకసారి ఊరేగింపులో అందరి ముందూ లింగయ్యను కసిరారు కూడా, ఎందుకంత మోత మోగిస్తావని. లింగయ్య నవ్వి ఊరుకున్నాడు.

"క్యాసెట్ విని, వాళ్ల ఊరు వెళ్లాను," అన్నారు మౌలాలి గారు. "ఇంటి ముందు వాళ్లావిడ కూర్చుని ఉంది. ఆమెకు చెప్పాను. ఆయనకు చెప్పినట్టవుతుందా?"

రైలు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆమె కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. రైలు కదిలే ముందు ఆయన అన్నారు.

"తెనాలి ఎంత దూరం తల్లీ, గంట కూడా పట్టదు."

మర్నాడు పొద్దున్న మొదటి రైలుకే ఆమె తెనాలి వెళ్లింది.

కామేశం గారు ఇంటి ముందుగదిలో కుర్చీలో కూర్చుని, ఎడమచేతి వేళ్లకు నువ్వులనూనె రాసుకుంటున్నారు. ఆమెను చూసి కంగారుగా లేచి, కబురు చేస్తే స్టేషనుకు వచ్చేవాణ్ణి కదమ్మా అన్నారు. కచేరీ ఏదైనా కుదిరిందేమో అనుకున్నారు. ఆమె వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది. ఎన్నేళ్లు కలిసి కూర్చున్నా ఆమె ఆయనకు అలా దణ్ణం పెట్టడం అదే మొదటిసారి. గురువుకు పెట్టేది. సభలో పెద్దలకు పెట్టేది. ఆయన ఎప్పుడూ పక్కనే ఉండేవారు కనుక తోచలేదు.

ఆమె చెప్పదలుచుకున్నది చెప్పింది. ఆయన ఏ పాటలో అన్నారు. కల్యాణిలో అంది. ఆయన కాసేపు ఆలోచిస్తున్నట్టు చూసి, నాకు గుర్తు లేదమ్మా అన్నారు. గుర్తుందని ఆమెకు తెలుసు. ఇంటర్నెట్‌లో రాసిన మాట ఆయన చూశారేమోనని అడిగింది. మనవరాలు చూపించిందన్నారు. వయసైపోయిన మాట అబద్ధం కాదు కదా అని నవ్వారు. ఆల్బమ్‌లో ఏం రాయించిందో చెబితే మాత్రం నవ్వు ఆగిపోయింది. ఎందుకమ్మా, నీ పేరు కదా అన్నారు. ఆ మాట అని, చేతికి నూనె ఉందని కూడా మరిచి కళ్లద్దాలు తీసి, కండువాతో తుడుచుకున్నారు.

ఆయన భార్య కాఫీ తెచ్చింది. తాగాక ఆయన గోడవార ఉన్న పెట్టె తెరిచి వయొలిన్ తీసి, తీగలు సరిచేసుకుంటూ, ఎలాగూ వచ్చావు కదా, నాలుగు సంగతులు పాడుకుందామా అన్నారు.

మందాకిని తెనాలి నుంచి నేరుగా ఇంకొల్లు వెళ్లింది. మౌలాలి గారు మధ్యాహ్నం నమాజు ముగించుకుని వసారాలోకి వస్తున్నారు. ఆమె చేత మంచినీళ్లు తాగించి, చాప వేసి కూర్చోమన్నారు. కామేశం గారు ఎలా ఉన్నారని అడిగారు. బాగున్నారని చెప్పింది. ఏమన్నారని అడిగారు. గుర్తు లేదన్నారని చెప్పింది. ఆయన తల ఊపారు. వయొలిన్ తీసి, పాడమన్నారని కూడా చెప్పింది.

"పాడావా?"

"లేదు గురువుగారూ. మీరు వాయించండి, నేను వింటానన్నాను."

"వాయించాడా?"

"మొదట సిగ్గుపడ్డారు. యాభై ఏళ్లలో ఎవరూ అలా అడగలేదన్నారు. తర్వాత గంటన్నర వాయించారు. నేను కదల్లేదు."

వీధిలో పొగాకు లోడుతో ఒక ట్రాక్టరు వెళ్లింది. ఆ చప్పుడు పోయేదాకా మౌలాలి గారు ఆగారు.

"ఇరవై ఆరేళ్లు చెప్పాను నీకు. వినడం ఒక్కటీ నేర్పడం నా చేత కాలేదు."

ఆ మాట అని ఆయన చాప మీది నుంచి నెమ్మదిగా లేచారు. వసారా చివరికి నడిచి, తెనాలి ఉన్న దిక్కుకు తిరిగి, కుడిచెయ్యి నుదుటికి తాకించి సలాం చేశారు.

మందాకిని ఆయన వెనక నిలబడి చేతులు జోడించింది.